సీళ్ళ దొడ్డి ఉస్తీన్య

మార్చి నెల రాగానే జోర్నోవ్కా ఊరి కుక్కలు మొదట మొరిగేవి, తర్వాత ఊళపెట్టేవి, చివరికి నోరు మూసుకుని ఇళ్ళ కింద దూరేవి. అప్పటికి ఏటి ఒడ్డున దొడ్డి నిండిపోయి ఉండేది.

తెల్ల సముద్రం మీద తేలే మంచుపలకల దగ్గర్నుంచి హెలికాప్టరు తన పొట్ట కింద వల వేలాడదీసుకుని వచ్చేది. వలలో దుంపల బస్తాల్లా ఒకదానిమీద ఒకటి సీలు అనే సముద్రజంతువు పిల్లలు. పుట్టి వారం పది రోజులైనా కానివి. ఒంటినిండా పాలనురుగు లాంటి బొచ్చు, అందులో నల్లటి కళ్ళు. ఊళ్ళో వాటిని తెల్లపిల్లలనేవారు. కింద దించగానే అవి తల్లుల్ని పిలవడం మొదలుపెట్టేవి. ఆ పిలుపు అచ్చం పసిబిడ్డ ఏడుపులా ఉంటుందని బయటినుంచి వచ్చినవాళ్ళు అంటారు. జోర్నోవ్కా వాళ్ళు ఆ మాట అనరు. అనుకుంటే ఇక ఆ ఊళ్ళో కాపురం చెయ్యలేరు.

ఎందుకంటే ఆ పిలుపు వారాల తరబడి ఆగేది కాదు. తెల్లబొచ్చు దానంతటదే ఊడిపోయి, కింద వెండి మరకల బూడిదరంగు తోలు బయటపడేదాకా వాటిని చెక్కల దొడ్లలో, మంచుమీద, పాలూ మేతా లేకుండా ఉంచేవారు. టోపీలు కుట్టేవాళ్ళకి కావలసింది ఆ బూడిదరంగు తోలే. బళ్ళో పంతులమ్మ గొంతు పెంచి పాఠం చెప్పేది. అన్నం దగ్గర ఇంటిల్లిపాదీ అరుచుకుంటూ మాట్లాడుకునేవారు. ఆ రోజుల్లో ఊరికి కొత్తగా వచ్చినవాడెవడైనా చూస్తే, ఇంటింటా తగాదా జరుగుతోందనుకునేవాడు.

ఉస్తీన్య ఆ ఊళ్ళోనే పుట్టింది. ఆమెకి ఊహ తెలియకముందే తండ్రి సీళ్ళ వేటకి మంచు మీదికి వెళ్ళాడు. గాలి తిరిగింది. తెగిపోయిన మంచుపలకతో పాటు ఆయనా సముద్రంలోకి కొట్టుకుపోయాడు. సగం ఇళ్ళలో గోడమీద అలాంటి మగవాడి ఫొటో ఒకటి ఉండేది కాబట్టి ఎవరూ దాన్నొక వింతగా చెప్పుకోలేదు. నాయనమ్మ మెలానియా పిల్లని పెంచింది. ఆ ముసలమ్మ సీలు పేరు నోటితో పలికేది కాదు. "వాళ్ళు" అనేది.

"బైబిల్లో మోషే వెంటబడి సముద్రంలో మునిగిపోయిన ఫరో సైన్యమే వాళ్ళు," అని వెచ్చటి పొయ్యి గట్టుమీద మనవరాల్ని పక్కన పడుకోబెట్టుకుని చెప్పేది. "అందుకే మనిషి కళ్ళూ మనిషి ఏడుపూ. తిన్నగా నీ కళ్ళలోకి చూసి, లోకం ముగిసిపోడానికి ఇంకెంత కాలముందని అడుగుతారు. జవాబు చెప్పకూడదు."

"చెబితే ఏమవుద్ది నాయనమ్మా?"

"చెప్పినవాడు వాళ్ళలో కలిసిపోతాడు. ఇక నోరు మూసుకుని పడుకో."

ఉస్తీన్య పొడగరి. మాట తక్కువ. చేపల వలలు అల్లడంలో, పడవకి తారు పూయడంలో మగవాళ్ళకి తీసిపోయేది కాదు. ప్రొకోపీ అనే వేటగాణ్ణి పెళ్ళాడింది. అతను మంచిగంధం లాంటి మనిషేమీ కాదు గాని, తాగినా చెయ్యెత్తేవాడు కాదు. అతని అన్న సవ్వాతీ, చేపలవాళ్ళ సంఘంలో పెద్ద. ఊరికి హెలికాప్టర్లు తెప్పించిందీ, దొడ్డి కట్టించిందీ ఆయనే. దొడ్డి వచ్చాక మంచుమీద మగవాళ్ళు చావడం తగ్గింది, ఆడవాళ్ళకి పని దొరికింది. ఊరు సవ్వాతీకి చేతులెత్తి దండం పెట్టింది.

దొడ్డి మొదలైన ఏడాది ఉస్తీన్యకి చంటిబిడ్డ ఉంది. కూతురు. అత్తగారికి బిడ్డనప్పగించి పనికి వెళ్ళింది. దొడ్డి తలుపు తీసి లోపలికి అడుగుపెట్టిందో లేదో, ఆ పిలుపులకి ఆమె రొమ్ముల్లోంచి పాలు వాటంతటవే కారడం మొదలుపెట్టాయి. చొక్కా తడిసి, గొర్రెతోలు కోటు లోపల గడ్డకట్టింది. తోటి ఆడవాళ్ళు నవ్వారు.

"ఏమే ఉస్తీన్యా, ఎంతమందికిస్తావే? వరసలో నిలబెట్టమంటావా?" అంది గ్లఫీరా.

గ్లఫీరా ఆమెకి చిన్నప్పటి జట్టు, ముద్దుగా గ్లాషా అని పిలిచేది. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ ఏదో ఒకటి కూనిరాగం తీస్తూ ఉండేది. నవ్వించి ఊరుకోలేదు, తన నడుముకున్న శాలువా విప్పి ఉస్తీన్య రొమ్ములకి బిగించి కట్టింది. ఆ తర్వాత చంటిపిల్లల తల్లుల్ని దొడ్డి పనికి పిలవకూడదని ఆడవాళ్ళే ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఎందుకని మాత్రం ఎవరూ పైకి అనలేదు.

ఉస్తీన్య పని బొచ్చు చూడటం. పొద్దున్నే దొడ్డిలో తిరుగుతూ ఒక్కో పిల్ల వీపుమీద బొచ్చు పిడికిట పట్టి లాగేది. ఊడి చేతికొస్తే ఆ పిల్లని ఈడ్చుకెళ్ళి వరసలో పెట్టేది. అక్కడ నగరం నుంచి వచ్చిన పశువుల డాక్టరు సూది వేసేవాడు. ఆ పైన గ్లఫీరా కత్తి పని.

సూది గురించి ఉస్తీన్యకి కాస్త గర్వంగా కూడా ఉండేది. ఆమె తండ్రి కాలంలో బడితెతో నెత్తిమీద కొట్టి చంపేవారు. మంచు అంతా ఎర్రబారేది. ఇప్పుడు నెత్తురు లేదు, అరుపు లేదు. "నిద్రమందు" అనేవారు దాన్ని. ఊళ్ళో ఎవరూ చంపడం అనరు, పడుకోబెట్టడం అంటారు. ఇవాళ ఎన్ని పడుకోబెట్టారు? నిన్నటికంటే ఎక్కువే. అప్పటిదాకా అరిచిన పిల్ల సూది పడిన కాసేపటికి వణికి, మెత్తబడి, తల వాల్చేసేది. ఆ నిశ్శబ్దం ఎంతో హాయిగా ఉండేది. ఒక్కోటీ పడుకున్నకొద్దీ ఊళ్ళో ఏడుపు ఒక్కో వంతు తగ్గేది. అందరూ ఆ సూది కోసమే ఎదురుచూసేవారంటే అబద్ధం కాదు.

కూతురు పెరిగి, పెళ్ళై, పట్నం వెళ్ళింది. దేశం ముక్కలై, పేరు మారింది. దొడ్డి మాత్రం ఏటేటా నిండుతూనే ఉంది.

అదిగో అలాంటి ఒక మార్చి నెలలోనే అది జరిగింది. డాక్టరు రాలేదు. రాడని కూడా ఎవరూ కబురు చెయ్యలేదు. బొచ్చు ఊడిన పిల్లలు ఎక్కువై దొడ్డిలో చోటు చాలక, సవ్వాతీ తనే సూది పట్టుకున్నాడు. సన్నగా మంచు రాలుతోంది. ఉస్తీన్య ఒక పిల్లని వెనక కాళ్ళు పట్టి బిగించి ఉంచింది. సవ్వాతీ సూది దించాడు. మందు సగం కూడా దిగలేదు, పిల్ల ఒక్కసారిగా మెలి తిరిగింది. సూది ఊడొచ్చి, ఉస్తీన్య చేతితొడుగులోంచి అరచేతి కండలో దిగబడింది.

"అయ్యో! గట్టిగా దిగిందా?" అన్నాడు సవ్వాతీ.

"ఏం లేదులే బావగారూ. గుచ్చుకుందంతే," అంది. అని, చెయ్యి మంచుతో కడుక్కుందామని వరస వెనక్కి వెళ్ళింది. సవ్వాతీ తర్వాతి దాని దగ్గరికి నడిచాడు.

మొదట ఆమెకి రెండు దొడ్లు కనిపించాయి. నవ్వొచ్చింది. రెప్పలు బరువెక్కాయి. గ్లఫీరాని పిలుద్దామని నోరు తెరిస్తే దవడ కిందికి జారి అలాగే ఉండిపోయింది. మెడ నిలబడలేదు. మోకాళ్ళు తనవి కానట్టు మడతపడ్డాయి. చప్పుడు లేకుండా, సూది పడిన పిల్లల వరస చివర, వాటి పక్కనే ఒరిగిపోయింది.

నిద్ర రాలేదు.

అదే ఆమె తర్వాత అందరికీ చెప్పాలని చూసింది, ఎంత చెప్పినా ఎవరికీ ఎక్కనిది కూడా అదే. నిద్ర కాదు, మైకం కాదు. అన్నీ ఉన్నాయి. అరచెయ్యి మండుతోంది. ఒంటికింద మంచు చల్లగా కొరుకుతోంది. సగం తెరుచుకున్న కంట్లో మంచు రవ్వ పడితే చురుక్కుమంది, రెప్ప వాల్చలేకపోయింది. ఊపిరి గొంతుదాకా వచ్చి, అంతకంటే లోపలికి పోనంటోంది. పీల్చమని రొమ్ముకి చెప్పుకుంటోంది, రొమ్ము వినడం లేదు. లోపలినుంచి ఆమె గొంతు చించుకుని అరుస్తోంది. ఆ అరుపు పెదాల దాకా కూడా రాలేదు.

ఆమె మొహానికి ఎదురుగా ఒక పిల్ల మొహం ఉంది. కాసేపటి క్రితం తను పట్టుకున్న పిల్లే. అందరూ చచ్చిందనుకునే ఆ పిల్ల కంట్లో నల్లగుడ్డు మధ్యనున్న కనుపాప, మబ్బు తొలగి వెలుతురు పడగానే, ముడుచుకుంది. మబ్బు కమ్మితే విచ్చుకుంది. మళ్ళీ ముడుచుకుంది. ఆ కన్ను చూస్తోంది. కంటి కొసనుంచి నీరు కారి బొచ్చుమీద గడ్డకడుతోంది. మందు కండల్ని చచ్చుబడేసి, ఊపిరాడకుండా చేసి చంపుతుంది. కాని ఇది సముద్రం అడుగున ఊపిరి బిగబట్టుకుని తిరగడానికి పుట్టిన ప్రాణి. ఎంతసేపని బిగబట్టుకుంటుంది? వాళ్ళు నీ కళ్ళలోకి చూసి ఇంకెంత కాలమని అడుగుతారని నాయనమ్మ అన్న మాట అప్పుడు ఆమెకి గుర్తొచ్చింది. జవాబు చెప్పకూడదన్న మాటా గుర్తొచ్చింది. చెబుదామన్నా నోరు లేదు.

వరస అవతలి కొసనుంచి కూనిరాగం వినిపించింది.

గ్లఫీరా వస్తోంది. రాగం, కొక్కెం తగిలించి లాగే చప్పుడు, ఆ తర్వాత గుడ్డ చింపినట్టు మరో చప్పుడు. మళ్ళీ రాగం. ఒక్కో పిల్ల దగ్గర రాగం ఆగుతూ, మొదలవుతూ, దగ్గరవుతోంది. ఉస్తీన్య ఎదురుగా ఉన్న కన్ను కదల్లేదు. కొక్కెం దాని కింద దూరింది. ఆ మొహం ఆమె ముందునుంచి జారి పక్కకి పోయింది. ఆ గుడ్డ చింపిన చప్పుడు ఈసారి ఆమె చెవి పక్కనే వినిపించింది. వినిపిస్తున్నంతసేపూ, అది కూడా వింటోందని ఆమెకి తెలుసు.

గ్లఫీరా గాలికి వీపు పెట్టి, వెనక్కి తిరక్కుండానే కొక్కెం విసిరింది. అది ఉస్తీన్య కోటు చేతిలో తగులుకుంది.

"ఇదేంటిది, ఇంత బరువుంది?" అంటూ లాగి, వెనక్కి తిరిగి చూసింది.

ఆమె వేసిన కేకకి దొడ్డిలో పిల్లలన్నీ ఒక్క క్షణం ఊరుకున్నాయి.

జనం మూగారు. సవ్వాతీ మోకాళ్ళమీద కూర్చుని ఉస్తీన్య మెడ తడిమాడు. వేళ్ళు మంచుకి మొద్దుబారి ఉన్నాయేమో, ఏమీ తెలిసినట్టు లేదు. "పోయింది," అన్నాడు. రెండు వేళ్ళతో ఆమె రెప్పలు మూశాడు.

చీకటైంది. ఇక మాటలే.

"ఇందాకే కదా నిలబడి మాట్లాడింది!" గ్లఫీరా ఏడుపు.

"గుండె ఆగుంటది. జారి పడింది, తలకి తగిలింది. అంతే," సవ్వాతీ గొంతు. ఆ పైన ఇంకా కిందకి దిగి, "సూది మాట ఎవడూ ఎత్తకండి. పైవాళ్ళకి తెలిస్తే దొడ్డి మూసేస్తారు. ఊరంతా చేతులు నోట్లో పెట్టుకుని కూర్చోవాల. ప్రొకోపీకి నేను చెప్తాలే."

ఎవరూ కాదనలేదు. ఉస్తీన్య ఆ మౌనాన్ని కూడా విన్నది. అందులో తన పక్కింటివాళ్ళ ఊపిరి ఎవరిది ఏదో కూడా పోల్చుకుంది.

గ్లఫీరా ఒక్కతే నమ్మలేదు. చేతిలో కత్తి అలాగే ఉంది. అది ఉస్తీన్య ముక్కు దగ్గర పెట్టింది. కత్తిమీద అంటిన నెత్తురు వాసన ఉస్తీన్యకి తెలిసింది. నెత్తురు లేని మేర, ఉక్కు మీద, పలచగా ఆవిరి పట్టింది.

"బతికుందిరా! దుర్మార్గుల్లారా, బతికుంది!"

ఆవిరి స్నానాల గదికి మోసుకెళ్ళి, నోట్లో నోరు పెట్టి ఊది, ఒళ్ళంతా రుద్దారు. ఒంట్లో దిగిన మందు కొంచెమే కాబట్టి ప్రాణం నిలిచింది. ముందు వేళ్ళు కదిలాయి, తర్వాత నాలుక. కళ్ళు తెరిచి ఆమె మొదట చూసింది సవ్వాతీ వైపు. ఆయన తల తిప్పుకున్నాడు. విన్నదని ఆయనకి అర్థమైంది.

కాస్త తేరుకున్నాక, పక్కనే కూర్చుని టీ పట్టిస్తున్న గ్లఫీరాతో అంది. "అవి చావట్లేదే గ్లాషా."

"ఏవి?"

"నువ్వు కోసేవి. వెలుతురు పడితే వాటి కనుపాప ముడుచుకుంటోంది. చూస్తున్నాయి, వింటున్నాయి. నువ్వు పాడుకుంటూ వస్తుంటే నేను విన్నాగా, అట్టాగే."

గ్లఫీరా గ్లాసు కింద పెట్టేసింది. "నీకు మందెక్కి మతి చెదిరింది. పడుకో."

"పడుకునే ఉన్నానే. పడుకోబెట్టినప్పుడే తెలిసింది."

"నోర్ముయ్ ఉస్తీన్యా! ఇన్నేళ్ళు కోశాను నేను. ఇన్నేళ్ళు! ఆ మాట ఇంకోసారన్నావో, నీ గడప తొక్కను." ఆమె లేచి తలుపు దడాలున వేసి వెళ్ళిపోయింది.

మర్నాడు గ్లఫీరా పనికి వెళ్ళింది. ఆ రోజు కూనిరాగం లేదు. వరసలో మొదటి పిల్ల దగ్గర కూర్చుని కత్తి పక్కన పెట్టి, చేతితొడుగు తీసి, దాని కంటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసింది. లేచి రెండో దాని దగ్గరికి వెళ్ళింది. అలా వరసంతా చెయ్యి అడ్డం పెడుతూ, తీస్తూ నడిచింది. తోటివాళ్ళు ఇదేం పిచ్చని చూస్తూ నిలబడ్డారు. చివరిదాని దగ్గర కూలబడి, తన రెండు చేతులూ చంకల కింద దాచుకుంది. ఇంటికి తీసుకురావడానికి నలుగురు పట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత బతికినంత కాలం ఆమె చేత్తో కత్తి పట్టలేదు. రొట్టె కూడా తుంచుకునే తినేది.

హెలికాప్టరులో మంచుమీదికెళ్ళి పిల్లల్ని వలకెత్తే ప్రొకోపీ ఇంటికి తిరిగొచ్చాడు. అన్న చెప్పింది విన్నాడు, పెళ్ళాం చెప్పిందీ విన్నాడు. ఒకరోజు చేపల రొట్టె ముందు పెట్టుకుని, తినకుండా, దానితోనే మాట్లాడుతున్నట్టు అన్నాడు.

"వల పైకి లేచినప్పుడు తల్లులు తలెత్తి చూస్తాయే."

"ఎవరు?"

"తల్లులే. హెలికాప్టరు లేచేదాకా పారిపోయి నీళ్ళలో ఉంటాయి. అది లేవగానే మంచు కన్నాల్లోంచి తలలు పైకొస్తాయి. మంచు నిండా తలలే. కిందనుంచి మాతో పాటు తిరుగుతాయి, ఇటు తిరిగితే ఇటు, అటు తిరిగితే అటు. నేను కిందికి చూట్టం మానేసి చానా ఏళ్ళైంది." రొట్టె పక్కకి తోశాడు. "మరి తినేదేంటే? నువ్వే చెప్పు. ఏం తిని బతకాలి?"

"తెలీదయ్యా," అంది ఉస్తీన్య. "అది తెలీదని, తెలిసిపోయినదాన్ని మర్చిపోలేను కదా."

క్లబ్బులో ఊరు కూడింది. ఉస్తీన్య లేచి, ఒంటికి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎవరినీ తిట్టలేదు. రెప్పలు మూసిన వేళ్ళెవరివో కూడా చెప్పలేదు. వెనక బల్లమీద ఎవరో సీలులా కూశారు. కొందరు నవ్వారు.

సవ్వాతీ లేచాడు. "చూడమ్మా, నీకు జరిగింది చెడ్డదే. కాదన్ను. కాని రేపట్నుంచి ఈ ఊరు తినేదేంటి? ఉస్తీన్య చెప్పే కథలా? మనం ఆపితే అవతల దేశాలవాళ్ళు ఆపుతారా? వాళ్ళు అక్కడ బడితెలతో కొడుతున్నారు, వాళ్ళనడుగు."

"నేనున్నది ఇక్కడ బావగారూ. నేను పడింది ఈ వరసలో," అంది ఉస్తీన్య.

ఆమె మానేసింది, గ్లఫీరా మానేసింది. బొచ్చు చూసే ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఏదో ఒక సాకు చెప్పి తప్పుకున్నారు. ఒకామెకి నడుంనొప్పి, మరొకామెకి మనవడు. నిజం పైకి చెప్పినవాళ్ళు ఆ ఇద్దరే. సవ్వాతీ పక్క ఊళ్ళనుంచి మనుషుల్ని తెచ్చుకున్నాడు. దొడ్డి నడుస్తూనే ఉంది. ఉస్తీన్యకి "చచ్చిబతికింది" అని పేరొచ్చింది. ఆమె కొట్టుకెళితే మాటలు ఆగిపోయేవి. పిల్లలు ఆమె నీడ తొక్కకుండా పక్కనుంచి దూకి పోయేవారు, తొక్కితే ఒళ్ళు బిగుసుకుపోతుందని.

ఆ సంగతి ఎలా పాకిందో, ఒక వసంతంలో నగరంనుంచి జంతువుల తరపున పోరాడేవాళ్ళు కెమెరాలతో దిగారు. రంగురంగుల కోట్లు వేసుకుని, దొడ్డి చూసి బావురుమన్నారు. వాళ్ళలో ఒక అమ్మాయి తెల్లపిల్లని ఎత్తుకొచ్చి, "దీన్ని ఒళ్ళో పెట్టుకుని చెప్పండి పెద్దమ్మా," అంది.

"కింద పెట్టమ్మా దాన్ని. మనిషి వాసనకి ఇంకా బెదురుద్ది. నేను నిలబడే చెప్తా."

చెప్పింది. చివర్లో ఆ అమ్మాయి, ఇలాంటి రాక్షసపు పని ఇన్నేళ్ళు ఊరంతా ఎలా చేయగలిగిందని అడిగింది.

"రాక్షసులెవరూ లేరిక్కడ," అంది ఉస్తీన్య. "నిద్రమందన్నారు, నమ్మాం. నమ్మితే సుఖంగా ఉండేది, అందుకని నమ్మాం. ఆ ఏడుపు ఆగితే చాలనిపించేది. మీరు రెండు రోజులు విని చెవులు మూసుకుంటున్నారే, మేం నెల్లాళ్ళు వినేవాళ్ళం."

అది టీవీలో వచ్చిన మర్నాడు పొద్దున ఆమె తలుపు తీస్తే, గడప మీద తోలు వొలిచిన పిల్ల ఒకటి మెట్టుకి ఆనించి, తలెత్తి ఇంట్లోకి చూస్తున్నట్టు కూర్చోబెట్టి ఉంది. కళ్ళు మాత్రం వొలిచినవాడు వదిలేశాడు. ఉస్తీన్య కెవ్వుమనలేదు. లోపలికెళ్ళి దుప్పటి తెచ్చి చుట్టింది. ప్రొకోపీ గడ్డపార అందుకున్నాడు. గడ్డకట్టిన నేల తవ్వుతూ తవ్వుతూ, వీధి వీధంతా వినపడేలా అన్నాడు. "నేనూ దిగానురా హెలికాప్టరు. వినండి! ఇక ఎక్కను."

అతను ఎక్కలేదు. అతని బదులు వేరేవాళ్ళు ఎక్కారు. నగరంలో ఊరేగింపులు జరిగాయట, తోళ్ళు కొనే దేశాలు వద్దన్నాయట, సూది మాన్పించి మళ్ళీ బడితెలు తెచ్చారు కొన్నాళ్ళు. ఆఖరికి ప్రభుత్వమే తెల్లపిల్లల వేట నిషేధించింది. హెలికాప్టరు రాని మొదటి మార్చిలో ఊరు ఊరంతా నిద్రపట్టక అల్లాడింది. చెవులు అలవాటుపడి ఉన్నాయి. అన్నం దగ్గర జనం అలవాటుకొద్దీ అరిచి, తమ గొంతు తామే విని ఉలిక్కిపడేవారు. కుక్కలు ఇళ్ళ కిందికి దూరి, దేనికోసమో చూసి, బయటికొచ్చి, మళ్ళీ దూరేవి.

సవ్వాతీ అన్నది అబద్ధమేం కాలేదు. చాలా కుటుంబాలు ఊరొదిలి పోయాయి. బడి మూతపడింది. సవ్వాతీ కూడా పట్నంలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. పోయేముందు తమ్ముడింటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, "వస్తానమ్మా," అన్నాడు. ఇంకేదో అనబోయి టోపీ పెట్టేసుకున్నాడు. "క్షేమంగా వెళ్ళండి బావగారూ," అంది ఉస్తీన్య. ఆమె ఊరి రొట్టెల పొయ్యి అప్పజెప్పించుకుని, మిగిలినవాళ్ళకి రొట్టెలు కాల్చింది. ఊరు పాడుచేసిందని తిట్టినవాళ్ళు కూడా ఆ రొట్టెలే కొనుక్కున్నారు. కొందరు చివరిదాకా ఆమెతో మాట్లాడకుండానే కొన్నారు. ప్రొకోపీ ఒక శరత్కాలంలో వల బాగుచేస్తూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

ఆ తర్వాత రెండేళ్ళకేమో, ఉత్తరపు గాలి పట్టుబట్టి వీచి, సీళ్ళున్న మంచుపలకల్ని ఎన్నడూ లేనిది ఒడ్డుకే తోసుకొచ్చింది. ఉస్తీన్య వెళ్ళి గ్లఫీరా తలుపు తట్టింది.

"మంద ఒడ్డుకొచ్చిందటే. చూసొద్దాం రా."

"నేను రాను. నాకేం పనక్కడ?"

"పుట్టి బుద్ధెరిగి, పాలు తాగే పిల్లని చూశామా మనం? ఎప్పుడూ వల్లో వచ్చినవే గాని."

గ్లఫీరా సణుక్కుంటూనే తొడుగులేసుకుంది. ఇద్దరు ముసలమ్మలు కర్రలు పట్టుకుని కొండచరియ దిగి, ఒడ్డుకి అంటుకున్న మంచుమీద కొంత దూరం నడిచారు. పొగమంచు కమ్మి ఉంది. దాని వెనకనుంచి ఆ పిలుపులు వినిపించగానే గ్లఫీరా ఉన్నచోటే నిలబడిపోయింది. అదే ఏడుపు, వందల గొంతులు. ఆమె చేతులు చంకల కిందికి పోయాయి. ఉస్తీన్య ఆమె మోచెయ్యి పట్టుకుని మెల్లగా ముందుకి నడిపించింది.

పొగమంచు పలచబడ్డచోట పిల్లలు కనిపించాయి. వాటి మధ్య కన్నాల్లోంచి నల్లటి తలలు చప్పుడు లేకుండా లేచాయి. ఒక తల్లి తడి పొట్టమీద పాక్కుంటూ వచ్చి, ఒక పిల్లని వాసన చూసి, కాదనుకుని, ఇంకోదాన్ని చూసి, మూడోదాని దగ్గర ఆగి పక్కకి ఒరిగింది. ఆ పిల్ల ఏడుపు టక్కున ఆగింది. మరోపక్క ఇంకోటి ఆగింది. ఆ వెనక ఇంకోటి. గ్లఫీరా నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఆపుతున్నాయే," అంది గుసగుసగా. "ఇవి వాటంతటవే ఆపుతాయా?"

ఉస్తీన్య వేలితో ఇంకో తల్లిని చూపించింది.

ఒక పిల్ల మాత్రం, వాళ్ళకి దగ్గర్లో, ఏడుస్తూనే ఉంది. దానికోసం ఎవరూ రాలేదు. ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. కన్నంలో ఒక తల లేచినప్పుడల్లా గ్లఫీరా, "అదే, అదే వస్తోంది," అనేది. ఆ తల ఇంకో వైపు పోయేది. కాళ్ళ కింద మంచు ఎక్కడో లోతున మూలిగింది. గాలి తిరుగుతోంది.

"పదవే. ఇది తెగుద్ది," అంది ఉస్తీన్య.

"కాసేపుండు. తల్లి రానీ."

"మా నాన్నా కాసేపుండే పోయాడు. పద."

చెయ్యి పట్టి లాక్కొచ్చింది. ఒడ్డెక్కి వెనక్కి తిరిగేసరికి పొగమంచు మళ్ళీ కమ్మేసింది. ఏమీ కనిపించడం లేదు. గ్లఫీరా చెవి ఒగ్గి నిలబడింది.

"ఆపిందే. వచ్చినట్టుంది తల్లి."

"గాలి అటు తిరిగింది గ్లాషా. అందుకని వినపడట్లా."

"లేదు, ఆపింది. నాకు తెలుసు."

"సరేలే. ఆపిందేలే."

"సరేలే ఏంటి? నమ్మవా?"

ఇద్దరూ ఆ విషయమే వాదించుకుంటూ, మధ్యమధ్య ఆగి వింటూ, ఊళ్ళోకి నడిచారు.